రెండో పీట

పిల్లల వీడియో ఆటలకి ఇంట్లో ఓ మూల కేటాయించడం నిన్న మొన్నటి ముచ్చట కాదండీ! టీవీని ఊరికే చూసే బదులు దాంతో ఆడుకోకూడదా అని 1966లోనే అమెరికాలో రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరుకి తట్టింది. ఆయన ఆలోచనతోనే మాగ్నవాక్స్ కంపెనీ 1972లో 'ఒడిస్సీ'ని అమ్మకానికి పెట్టింది.

తెరమీద తెల్లచుక్కలే తప్ప రంగుల్లేవు, చప్పుడూ లేదు. రంగుల ప్లాస్టిక్ షీట్లు టీవీ అద్దానికి అంటించుకోవాలి. గెలుపోటముల లెక్క మనమే రాసుకోవాలి. పెట్టెలో పాచికలూ, ఉత్తుత్తి నోట్లూ ఇచ్చేవారు. అచ్చం మన వైకుంఠపాళీ సరదాయే! చాలామటుకు ఆటలకి ఎదుట ఇంకో మనిషి ఉండాల్సిందే.

ఇప్పుడు లెక్కా యంత్రానిదే, ఎదుటి ఆటగాడూ యంత్రమే. అందుకే నేను ఆ మూల దుమ్ము దులిపి, తీగలు చుట్టి, పెట్టె వెనక గాలాడే జాగా వదిలాక, రెండో పీట కూడా వేస్తాను. ఒంటరిగా ఆడే పిల్లవాడికి పక్కన మనిషి కావాలి కదా!