తేమ మండలాల్లో సాగునీటి అవసరం: అంచనా పద్ధతుల చరిత్ర (1948–1963)

వ్యాససంగ్రహం: పొడి ప్రాంతాల్లో సాగునీటి అవసరం కంటికి కనిపిస్తుంది. వర్షం సమృద్ధిగా పడే ప్రాంతాల్లో అది వార్షిక సగటుల వెనుక దాగి ఉంటుంది. దానిని లెక్కకు తెచ్చిన ప్రయత్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాగునీటి అవసరం, జలసమతుల్యత, థార్న్‌త్వెయిట్, పెన్‌మన్, పదును.

1. ఉపోద్ఘాతం

తెలుగు రైతు సాగునీటిని ‘తడు’లలో లెక్కిస్తాడు. నేలలోని తేమ విత్తనానికి, దుక్కికి అనుకూలంగా ఉన్న స్థితిని ‘పదును’ అంటాడు. ఈ రెండు మాటల్లోనూ ఒక అవగాహన ఉంది: పంటకు నీరందించేది నేరుగా వర్షం కాదు, వర్షాన్ని దాచుకున్న నేల. ఈ అవగాహన అంకెల రూపం పొందడమే 1948 తర్వాతి చరిత్రలోని ముఖ్యాంశం.

2. రెండు పద్ధతులు

1948లో రెండు వేర్వేరు దేశాల నుంచి రెండు ప్రతిపాదనలు వెలువడ్డాయి. అమెరికా శీతోష్ణస్థితి శాస్త్రవేత్త థార్న్‌త్వెయిట్, నేలలో తేమకు కొరత లేనప్పుడు నేల, మొక్కలు కలిసి ఆవిరిగా విడిచే నీటి పరిమాణాన్ని ‘సంభావ్య బాష్పీభవన-బాష్పోత్సేకం’గా భావించి, నెలవారీ ఉష్ణోగ్రత, పగటి నిడివి ఆధారంగా దానిని గణించాడు. ఆయన 1946 నుంచి న్యూజెర్సీలోని సీబ్రూక్ కూరగాయల క్షేత్రాలకు సలహాదారు. తేమ మండలానికి చెందిన ఆ నేలల్లోనే ఈ ఆలోచనకు వ్యావహారిక ప్రయోజనం ఏర్పడింది.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన పెన్‌మన్ సూర్యశక్తి, గాలి వేగం, గాలిలోని తేమ, ఉష్ణోగ్రత అనే నాలుగింటినీ ఒకే సూత్రంలో కలిపాడు. ముందుగా నీటి ఉపరితలం నుంచి జరిగే బాష్పీభవనాన్ని గణించి, పచ్చిక విషయంలో దానిని వేసవిలో 0.8తో, శీతకాలంలో 0.6తో గుణించాడు. మొదటి పద్ధతికి కొద్దిపాటి సమాచారం చాలు. రెండవది భౌతికశాస్త్ర దృష్టితో మరింత బలమైనది.

3. సగటు దాచే లోటు

ఈ లెక్క తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక ప్రాంతంలో ఏడాదికి 1,100 మి.మీ. వర్షం, 700 మి.మీ. పంట అవసరం ఉన్నాయనుకుందాం. సగటు ప్రకారం 400 మి.మీ. మిగులు. నేల దాచుకోగలిగేది 100 మి.మీ. జూన్‌లో అవసరం 120, వర్షం 60. మిగిలిన 60 నేల ఇస్తుంది. జూలైలో అవసరం 130, వర్షం 50. నేలలో ఉన్నది 40 మాత్రమే. కనుక 40 మి.మీ. లోటు తేలుతుంది. హెక్టారుకు ఇది 400 ఘనమీటర్లు. పొలానికి చేరే నీటిలో మూడువంతులే వేళ్లకు అందితే, తోడవలసింది దాదాపు 533 ఘనమీటర్లు. శీతకాలపు మిగులు నేలలో నిలవక ప్రవహించిపోయింది కాబట్టి జూలై లోటును తీర్చదు.

4. అంచనా నుంచి హక్కుకు

అందువల్ల తేమ మండలంలో ‘పంటకు ఎంత నీరు కావాలి’ అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ‘పదేళ్లలో ఎన్ని ఏళ్లు, ఏ నెలలో కావాలి’ అన్నది కూడా అడగాలి. 1954లో బ్రిటిష్ వ్యవసాయ మంత్రిత్వశాఖ సాగునీటి అవసరపు గణనపై సాంకేతిక కరపత్రం ప్రకటించింది. 1963 నాటి జలవనరుల చట్టం ఇంగ్లండు, వేల్సులలో నీటిని తోడుకోవడానికి అనుమతిపత్రాల విధానాన్ని ప్రవేశపెట్టింది. దీనితో అంచనా హక్కుల పరిధిలోకి వచ్చింది. రైతులందరికీ నీరు కావలసిన వారమే నదిలో నీరు అతి తక్కువగా ఉండే వారం. సగటు ఏడాదిని చూసి కేటాయిస్తే కరవు ఏడాదిలో పంటకో, నదికో అన్యాయం తప్పదు.

5. తెలుగునేలతో సంబంధం

1956లో వి. పి. సుబ్రహ్మణ్యం థార్న్‌త్వెయిట్ భావన ఆధారంగా భారతదేశ జలసమతుల్యతపై వ్యాసం ప్రకటించారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ దిశలో పరిశోధన కొనసాగింది. రుతుపవనాల దేశంలో సగటు మరింతగా మోసగిస్తుంది కనుక ఈ పద్ధతికి ఇక్కడ ప్రాసంగికత ఎక్కువ.

6. ముగింపు

సాగునీటి అవసరం ఒక స్థిరమైన అంకె కాదు. వర్షం, నేల, పంట, కాలం అనే నాలుగింటి మధ్య మారే సంబంధం. సూత్రాల చరిత్రను కేవలం సాంకేతిక ప్రగతిగా చదివితే ఈ విషయం మరుగున పడుతుంది. ‘పదును’ అన్న మాటలోని అనుభవజ్ఞానాన్నీ జలసమతుల్యత గణనలనూ కలిపి చదవడం వ్యవసాయ పదజాల పరిశోధకులకు ఫలవంతమైన మార్గం కాగలదు.