ఆడబట్ట, మగబట్ట: ఒక వచనం నడిచొచ్చిన దారి

సిరిసిల్ల మరమగ్గం మీంచి తానుగా దిగినప్పుడు గుడ్డకు ఆడ, మగ తేడా లేదు. దర్జీ కత్తెర పడ్డాకే ఒక ముక్క చొక్కా అవుతుంది, ఇంకో ముక్క జాకెట్ అవుతుంది. ఆదివారం పొద్దున మందిరం గుమ్మం దాటేసరికి మాత్రం ఆ తేడా పాపపుణ్యాల లెక్కలోకి వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలోనే కాదు, తెలుగునాట యౌవనస్థుల కూడిక ఎక్కడ జరిగినా అమ్మాయిల నోట వచ్చే ప్రశ్న ఒకటుంది: జీన్సు వేసుకుంటే తప్పా? జవాబుగా చాలాచోట్ల ఒకే వచనం తీసి చదువుతారు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం, 5వ వచనం. స్త్రీ పురుషుడి వేషం, పురుషుడు స్త్రీ వేషం వేసుకోరాదని, అది దేవుడికి హేయమని దాని సారాంశం.

ఆ వచనం ఇశ్రాయేలు రైతులు, గొర్రెలకాపర్ల మధ్య పుట్టి, రోమా సామ్రాజ్యం మీదుగా, ఐరోపా మీదుగా మన మానేరు నది ఒడ్డుకు చేరింది. దారిలో ప్రతి ఊరూ దానికి తన బట్ట కట్టింది. ఆ దారిని తెలుసుకోకుండా వచనాన్ని ఒక ఆడపిల్ల మీదికి విసరడం వాక్యానికీ అన్యాయమే, ఆ పిల్లకూ అన్యాయమే.

ఆ అధ్యాయంలో ఇంకా ఏముంది

బైబిలు కాలపు పాలస్తీనాలో ఆడా మగా ఇద్దరిదీ దాదాపు ఒకే తీరు ఉడుపు. లోపల పొడవాటి అంగీ, పైన కప్పుకునే దుప్పటి. తేడా కుట్టులో కంటే రంగులో, అంచులో, నగలో, తలమీది ముసుగులో కనిపించేది. కాళ్లకు విడివిడిగా తొడిగే బట్ట మొదటి నుంచీ మగవాళ్ల గుర్తు అనుకోవడానికీ లేదు. నిర్గమకాండం 28వ అధ్యాయంలో యాజకులకు నార లాగులు కుట్టించమన్నది బలిపీఠం దగ్గర మానం కప్పుకోవడానికే. ఊళ్లో మిగతా మగవాళ్లు మాత్రం అంగీలతోనే తిరిగారు.

ఆ 22వ అధ్యాయాన్నే ముందుకు చదివితే మిద్దెకు పిట్టగోడ కట్టమని ఉంది. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి కట్టి దున్నవద్దని ఉంది. 11వ వచనంలో ఉన్నీ, నార కలిపి నేసిన బట్ట తొడగవద్దని ఉంది. పాలియెస్టరూ కాటనూ కలిసిన దారం మీద బతుకుతున్న నేతగాళ్లు ఉన్న సీమలో కలగలుపు బట్ట పాపమని ఏ పాస్టరుగారూ ప్రసంగించరు. అది ఇశ్రాయేలు జనానికి చెందిన ఆచారమని, క్రీస్తు సంఘాన్ని కట్టివేయదని అందరూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు ఆరు వచనాల ముందున్న మాటలో ఏది ఆచారం, ఏది ఎప్పటికీ నిలిచే ధర్మం అన్నది కూడా ఓపికగా విడదీయాలి.

యూదు పండితులు ఆ పని ఎప్పుడో చేశారు. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దృష్టిలో ఇక్కడి తప్పు మోసం: వ్యభిచారం కోసం వేషం మార్చుకుని అవతలి గుంపులో కలిసిపోవడం. 12వ శతాబ్దపు మైమోనిడీస్ అన్యదేవతల పూజల్లో వేషాలు మార్చుకునే తంతును గుర్తుచేశాడు. కామాన్ని రెచ్చగొట్టడం కూడా నిషేధానికి కారణమన్నాడు. ఇద్దరి చూపూ బట్ట వెనకున్న ఉద్దేశం మీదే నిలిచింది.

సంఘం గీసిన గీతలు

కొత్త నిబంధనలో ఈ వచనాన్ని ఎవరూ ఎత్తిచూపలేదు. అక్కడి చర్చ వేరు. 1 కొరింథీ 11లో పౌలు స్త్రీలు ముసుగు వేసుకుని ప్రార్థించాలన్నాడు, ప్రవచించాలన్నాడు. ముసుగు మాట గుర్తుపెట్టుకున్న మనం స్త్రీ సంఘంలో నోరు తెరిచి ప్రవచించేదన్న సంగతి మరిచిపోతాం. 1 తిమోతి 2:9లో జడలు, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు వద్దన్నాడు. దానికి ముందున్న 8వ వచనం మగవాళ్లకు. కోపం, తగవు లేకుండా చేతులెత్తి ప్రార్థించమని అందులో ఉంది. ప్రసంగం 9 దగ్గర మొదలై 8ని వదిలేస్తే సగం వాక్యమే చెప్పినట్టు. 1 పేతురు 3 కూడా నగల కంటే సాధువైన మనసే అలంకారమంటుంది. ఈ రెండు పత్రికలూ వారించేది ఆడంబరాన్ని. ప్యాంటా, చీరా అన్న ప్రశ్న వాటిలో లేదు.

నాలుగో శతాబ్దంలో వేషం మార్పు సంఘానికి సమస్య అయింది. ఇప్పటి టర్కీలోని గంగ్రలో సమకూడిన బిషప్పులు, వైరాగ్యం పేరుతో మగబట్టలు తొడిగే స్త్రీలను శపిస్తూ 13వ నియమం రాశారు. పెళ్లినీ సంసారాన్నీ నీచంగా చూసిన ఒక గుంపు పోకడకు అది జవాబు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ గీతను కాస్త సడలించాడు. వేషం మార్చుకోవడం తప్పే అయినా శత్రువుల నుంచి దాక్కోవలసి వచ్చినప్పుడో, వేరే బట్ట లేనప్పుడో పాపం కాదన్నాడు. అయినా 1431లో జోన్ ఆఫ్ ఆర్క్‌ను కాల్చిచంపిన విచారణలో మగదుస్తులు ఒక పెద్ద నేరారోపణ. అదే రోమను సంఘం 1920లో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. గుడిలో స్త్రీలు తల కప్పుకోవాలని 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రంలో ఉంటే, 1983 నాటి ధర్మశాస్త్రంలో ఆ నియమమే లేదు. గీతలు కదులుతూ వచ్చాయి. సంఘం మాత్రం నిలిచే ఉంది.

గోచి చీర కట్టిన విశ్వాసులు

నిజాం రాజ్యంలో ఈ ప్రాంతానికి సువార్త ప్రధానంగా వెస్లియన్ మెథడిస్టు మిషన్ ద్వారా వచ్చింది. 1880 ప్రాంతంలో సికింద్రాబాదులో మొదలైన ఆ పని మెదక్, కరీంనగర్ వైపు పాకింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలోవే. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం (డయోసిస్) విడిగా వెలిసింది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. మాలల్లో చాలామంది ముతక బట్ట నేసినవాళ్లే. ఊరికి బట్ట ఇచ్చిన చేతులకే ఊరు బట్ట విషయంలో కట్టడి పెట్టింది. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని, తలరుమాలు తీసి నడవాల్సిన రోజులవి. ఆ తల్లులు పొలం పనికి కట్టింది గోచి చీర. కుచ్చెళ్లను కాళ్ల మధ్య నుంచి తీసి వెనక దోపే ఆ కట్టు మగవాళ్ల ధోవతి కట్టుకు అక్కచెల్లెలు. కోరుట్ల, జగిత్యాలల్లోని ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు తరాలుగా సల్వారు తొడిగారు. కాళ్లు విడిగా కనబడే బట్ట మగబట్ట అన్న మాట ఈ నేల మీద ఏ కాలంలోనూ నిజం కాదు.

మగవాళ్ల సంగతి చూద్దాం. ధోవతి వదిలి ప్యాంటు తొడిగినప్పుడు వాళ్లను ఎవరూ వచనం చూపి ఆపలేదు. అధ్యక్షులు, గురువులు బలిపీఠం దగ్గర మడమల దాకా వేలాడే అంగీ తొడిగితే దాన్ని ఆడవేషం అనలేదు. 2013 సెప్టెంబరులో నంద్యాల అధ్యక్ష మండలంలో రెవరెండ్ ఎగ్గోని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయినప్పుడు, అంతవరకు మగవాళ్లే తొడిగిన అధ్యక్ష వస్త్రాలు ఒక తెలుగు స్త్రీ భుజాల మీదికి వచ్చాయి. ఆ వస్త్రం చెప్పేది పదవిని.

బట్టకూ కులానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో తెలియాలంటే తిరువాన్కూరు వైపు చూడాలి. అక్కడ నాడార్ క్రైస్తవ స్త్రీలు రొమ్ములు కప్పుకోవడమే పైకులాల కంట్లో నేరమైంది. దాడులు జరిగాయి, బట్టలు చింపారు. దశాబ్దాల పోరాటం తర్వాత 1859లో రాజు ప్రకటనతో నాడార్ స్త్రీలకు రొమ్ము కప్పుకునే హక్కు దక్కింది. అణకువైన బట్ట కట్టుకోవడం అక్కడ ఆ తల్లులు గెలుచుకున్న గౌరవం. అణకువ పేరుతో ఆడపిల్లను సంఘం ముందు నిలబెట్టి తలదించుకునేలా చేసేటప్పుడు ఆ చరిత్ర గుర్తుకు రావాలి.

తాళి, తెల్లచీర, కొంగు

తాళి మీద వాదు కూడా పాతదే. 1704లో పుదుచ్చేరిలో పోపు దూత టూర్నన్ పిళ్లైయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళిని క్రైస్తవ స్త్రీలకు నిషేధించాడు. సిలువ గుర్తున్న తాళికి అడ్డు చెప్పలేదు. ఈరోజు మన సీఎస్ఐ, కతోలిక పెళ్లిళ్లలో సిలువ బిళ్లతో కట్టే తాళి వెనక ఆ కథంతా ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు గాలులు వీచాయి. కేరళ నుంచి వచ్చిన పెంతెకొస్తు బోధకులు నగలు వదలడాన్ని పరిశుద్ధతకు గుర్తుగా చెప్పారు. చాలామంది స్త్రీలు తాళి, మట్టెలు, గాజులు, పువ్వులు తీసేశారు. సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధన కేంద్రాన్ని స్థాపించాడు. ఆ సహవాసాల్లో చెప్పులు బయట విడిచి, నేల మీద ఆడా మగా వేరువేరుగా కూర్చుని, స్త్రీలు తల నిండా కొంగు కప్పుకుని ఆరాధించడం రివాజైంది. తెల్లబట్టకు అక్కడ గౌరవం ఎక్కువ. తెలంగాణ పల్లెలో పెద్దల ముందు తలమీద కొంగు లాక్కోవడం ముందునుంచీ మర్యాద. కొరింథు ముసుగు ఆ మర్యాదలో ఇట్టే కలిసిపోయింది. తెల్లచీర మాత్రం అంత సులువుగా ఇమడలేదు. ఇరుగుపొరుగు కళ్లకు తెలుపు వైధవ్యం. మన పెళ్లికూతురికి అది పవిత్రత.

నగలు వదిలిన తల్లుల త్యాగాన్ని నేను తక్కువ చేయను. పేదింట్లో బంగారం లేదన్న చిన్నతనాన్ని ఆ బోధ తుడిచేసింది. కట్నం బంగారం కోసం అప్పులపాలయ్యే బాధ నుంచి ఎన్నో కుటుంబాలను కాచింది. మనసారా ఎంచుకున్న నిరాడంబరత అందమైనది. దాన్ని పక్కవాళ్ల మీద కొరడాగా వాడినప్పుడే చెడుతుంది.

వేషం మీద చట్టం

వేములవాడ సిరిసిల్ల జిల్లాలోదే. శ్రీరామనవమి నాడు రాజన్న (శివుడి) గుడి దగ్గర శివపార్వతులని పిలిచే జోగినులు, హిజ్రాలు శివుణ్ణి వరించి తలంబ్రాలు పోసుకుంటారు. చీర కట్టిన ఆ మనుషుల మీద ద్వితీయోపదేశకాండం ఏమంటుందని విశ్వాసులు నన్ను అడిగారు.

ముందు రాజ్యం ఏం చేసిందో చెప్తాను. 1919లో హైదరాబాదు రాజ్యం తెచ్చిన చట్టం ప్రకారం, ఆడబట్టలతో, నగలతో బహిరంగంగా కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయగలిగేవారు. నిజాం పాలన పోయినా ఆ చట్టం పోలేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒంటి మీది బట్టను చూసి మనిషిని జైల్లో వేసే కాగితం మన మధ్య నూరేళ్లు బతికింది.

ఇక వాక్యం. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం మొదట్లోనే నపుంసకుడికి సమాజంలో చోటు లేదని ఉంది. యెషయా 56లో దేవుడే ఆ గుమ్మం తెరిచాడు. తన ఇంట్లో వాళ్లకు కొడుకులూ కూతుళ్ల కంటే మేలైన పేరు ఇస్తానన్నాడు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు దారి పక్కన బాప్తిస్మం ఇచ్చింది ఐతియొపీయుడైన నపుంసకుడికే. లింగం గురించీ వేషం గురించీ సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు. తల్లిదండ్రుల కలత కూడా నిజమే. కానీ 22:5 చూపించి ఒక మనిషిని మందిరం మెట్ల మీంచి వెనక్కి పంపే అధికారం మనకు ఉందని నేను నమ్మను.

బట్ట గురించి బైబిలు ఎక్కువగా అడిగేది

బైబిల్లో బట్ట ఊసు ఎక్కడెక్కడ వస్తుందో వరసగా చూస్తే బరువు ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. ఏదెనులో సిగ్గుపడ్డ ఇద్దరికీ దేవుడే చర్మపు చొక్కాలు తొడిగాడు. పేదవాడి కప్పుడు దుప్పటిని కుదువ పెట్టుకుంటే పొద్దు గూకేలోగా తిరిగి ఇవ్వమని నిర్గమకాండం 22 ఆజ్ఞాపించింది. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు. సామెతలు 31లోని గుణవతి నూలు వడికి, నారబట్ట నేసి, అమ్ముతుంది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు ఆమె కుట్టిచ్చిన అంగీలను విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారు. ఉంగరాలు, మెరిసే బట్టలతో వచ్చినవాడికి కుర్చీ వేసి, మాసిన బట్టలవాడిని నేల మీద కూర్చోమనడం పాపమని యాకోబు 2 తేల్చింది.

ఈ వాక్యాలన్నీ అడిగేవి రెండే: బట్ట లేనివాడికి నువ్వేం చేశావు? బట్ట చూసి ఎవరిని చిన్నచూపు చూశావు? ఆడా మగా అన్న తేడాను దేవుడే కలగజేశాడని నమ్మే విశ్వాసికి ఆ తేడాను గౌరవించడం తెలుసు. మోసం, కామం, ఆడంబరం కోసం బట్టను వాడకూడదన్న ధర్మం ఎప్పటికీ నిలుస్తుంది. ఏ బట్ట ఎవరిదన్న లెక్క మాత్రం ఊరూ కాలమూ తేలుస్తూ వచ్చాయి.

అందుకే సంఘ పెద్దలకు నా మనవి. జీన్సు గురించి అడిగిన పిల్లకు ఒక్క వచనం కాకుండా అధ్యాయమంతా చదివి వినిపించండి. మగపిల్లలను పక్కన కూర్చోబెట్టి 1 తిమోతి 2:8 కూడా వినిపించండి. మరమగ్గం ఆగి పస్తులున్న సిరిసిల్ల ఇంటికీ, బీడీలు చుట్టి బడి ఫీజు కడుతున్న కోరుట్ల తల్లికీ, గల్ఫుకు పోయిన మనిషి కోసం ఎదురుచూస్తున్న జగిత్యాల ఇంటికీ మన స్త్రీల మైత్రి కూటాలు దొర్కాలా కుట్టుమిషను, బట్ట, పని అందించాలి. వాక్యం బట్ట గురించి మనకు అప్పగించిన అసలు పని అదే, దాన్ని చేస్తున్న సంఘానికి అమ్మాయి ప్యాంటు కొలిచే తీరిక ఉండదు.