పావులూరి మల్లన – అవ్యక్త గణితము

చెన్నకేశవస్వామివారి సన్నిధిలో గణితప్రసంగమేల యని కొందరడుగవచ్చును. వేదాంగములారింటిలో జ్యోతిషమొకటి, గణితము లేక జ్యోతిషము లేదు. పైగా మన మార్కాపురము పలకలమీద అక్షరములతోబాటు అంకెలు దిద్దినవారెందరో!

ఒక భక్తుడు కొన్ని పూవులు తెచ్చెననుకొందము. అందు సగము స్వామికిని, మొత్తములో మూడవవంతు అమ్మవారికిని సమర్పింపగా 8 మిగిలినవి. తెచ్చినవెన్ని? ఆ తెలియని రాశినే మన పెద్దలు అవ్యక్తమనిరి. కంటికి కనబడుచున్న 8 దృశ్యము. సగమును మూడవవంతును కలిపినచో ఆరింట అయిదు పాళ్లు. మిగిలిన ఆరవపాలు 8 గనుక మొత్తము 48. అట్లుగాక, అమ్మవారికిచ్చినది 'మిగిలినదానిలో' మూడవవంతన్నచో, చివరకు మిగులునది మొత్తములో మూడవపాలు. అప్పుడు పూవులు 24 మాత్రమే. ఒక్క మాటతో లెక్క సగమైనది! కావుననే మొదటిది భాగజాతి, రెండవది శేషజాతియని మహావీరాచార్యుడు వేరుపరచెను.

ఈ మహావీరుడు 9వ శతాబ్దివాడు, జైనుడు, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానిని తెనుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. 11వ శతాబ్దివాడని పెక్కుమంది పండితుల నిర్ణయము. ఇంటిపేరిచ్చిన పావులూరు ఇంకొల్లు చెంతనున్నది. 2022 వరకు మన ప్రకాశము జిల్లాలోనిదే. మల్లన శైవుడు. మూలములో జినుని పూజ వచ్చిన ఉదాహరణములలో శివుని నిలిపెను, సూత్రమును మాత్రము కదల్పలేదు.

అన్నియు వేదములోనే యున్నవని సభలలో పలుకుట నేడు వాడుకయైనది. వేదాధ్యయనమున జీవితము గడపిన మాకు ఆ మాట రుచింపదు. జైనాచార్యుని ఋణము జైనాచార్యునికే చెందవలెను.

అవ్యక్తమునకు గుర్తులు పెట్టి లెక్కించు పద్ధతిని 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున విస్తరించెను. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుని బీజగణితమున మొదటి అవ్యక్తము యావత్తావత్తు, తరువాతివి కాలకము, నీలకము, పీతకము – అనగా నలుపు, నీలి, పసుపు రంగుల పేర్లు. రెండు పక్షములను సమము చేసి, ఒకవైపు అవ్యక్తమును, వేరొకవైపు రూపములను (తెలిసిన సంఖ్యలను) నిలిపి భాగించుటయే ఏకవర్ణ సమీకరణము. పాఠశాలలో బాలురు నేడు 'ఎక్స్' అనునది ఆ యావత్తావత్తు స్థానముననే. ఆల్జీబ్రా యను పేరు మాత్రము 9వ శతాబ్దిలో బాగ్దాదున అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన అరబ్బీ గ్రంథమునుండి వచ్చినది.

భాస్కరుని లీలావతికిని తెనుగున ఆదరము లభించినది. ఎలుగంటి పెద్దన దానిని ప్రకీర్ణగణితమను పేర తెనిగించెను.