బట్టీ: వండేదీ కాచేదీ

మా మునగపాక వైపు బెల్లం వండుతారు, సారా కాస్తారు. రెండింటికీ కింద మంట కావాలి, పైన పెద్ద పాత్ర కావాలి. రెండు పనులూ జరిగే చోటుకి పేరు కూడా ఒకటే: బట్టీ. అయినా ఎవరైనా వచ్చి బెల్లం కాచారనో, సారా వండారనో అంటే ఆ మనిషిది ఈ చుట్టుపక్కల ఊరు కాదని పసిపిల్లలు కూడా పట్టేస్తారు. పేరు కలిపిన రెండు పనుల్ని క్రియ విడదీసింది.

ఆలోచిస్తే ఆ విడదీతలో మంచి లెక్కే ఉంది. పాత్రలో చివరికి మిగిలేదాని కోసం చేసేది వంట: అన్నం, కూర, పాకం. ద్రవంగా ఉన్నది ద్రవంగానే చేతికి రావాలంటే అది కాచడం: నీళ్లు, పాలు, నెయ్యి, చారు. బెల్లం బట్టీ దగ్గర ఆవిరిని ఎవరూ పట్టించుకోరు, అది గాలికి పోవాల్సిందే. పెనంలో మిగిలిందే సొమ్ము. సారా బట్టీలో ఇదంతా తలకిందులు. పోయే ఆవిరినే పట్టుకుని, చల్లార్చి, చుక్కచుక్కగా దించుకుంటారు. కుండ అడుగున మిగిలింది పారబోస్తారు. ఏది దాచుకుంటాం, ఏది వదిలేస్తాం అన్నదాన్నిబట్టి క్రియ మారింది. కాచు అనే మాటకి కావలి కాయడం అనే అర్థం కూడా ఉంది. ఆ రెండూ వేర్వేరు ధాతువులు, కాలం గడిచేకొద్దీ రూపం కలిసిపోయింది. అయితే సారా విషయంలో ఒకరు కాస్తుంటే ఇంకొకరు కాయక తప్పదు కాబట్టి, ఆ కలయిక మావాళ్లకి ఎప్పుడూ వింతగా తోచలేదు.

బెల్లం బట్టీని గానుగ అనేవాళ్లూ ఉన్నారు, ఇప్పటి కుర్రాళ్లు క్రషర్ అంటారు. సంక్రాంతి రోజుల్లో అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వైపు వెళ్లే రోడ్డు పట్టుకుంటే మునగపాక దగ్గర ఏదో ఒక పొలంలో పొగ కనిపిస్తుంది. ఆడిన చెరకు పిప్పిని ఎండబెట్టి దాన్నే పొయ్యిలో ఎగదోస్తుంటారు. చెరకు తన రసాన్ని తానే ఉడికించుకుంటుందన్నమాట. రసం కాగుతుంటే మడ్డి పైకి తేలుతుంది. కాస్త సున్నమో, బెండ మొక్క జిగురో వేసి ఆ మడ్డిని తోడేస్తారు. పాకం ముదిరే వేళకి మాటలు ఆగిపోతాయి. వండే మనిషి గరిటెతో కాస్త పాకం తీసి చల్లటి నీళ్లలో వదిలి, వేళ్లతో దగ్గరకి తీసి చూస్తాడు. ఉండ కట్టిందా, పెనం దించాలి. ఇంకా సాగుతుంటే ఆగాలి. కాస్త ఆలస్యమైతే మాడు. సంస్కృతంలో బెల్లాన్ని గుడం అంటారు. ఆ మాటకి మొదటి అర్థం ఉండ, గుండ్రటి ముద్ద. నిఘంటువు వెతికి ఈ అర్థం తెలుసుకోవాలి గానీ, వండేవాడి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య అది రోజూ పుడుతూనే ఉంది. టన్ను చెరకు ఆడితే సుమారు వంద కిలోల బెల్లం. దిమ్మలు కట్టి అనకాపల్లి యార్డుకి తోలతారు. మన దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది. అది తయారుచేసిన 87ఎ298 రకానికి విశ్వామిత్ర అని పేరు పెట్టారు. మావాళ్లు మాత్రం నంబరుతోనే పిలుస్తారు. మహర్షి పేరు పొలంలో తిరగదు.

ఈ పదం మీద ఇంతసేపు కూర్చోవడానికి కారణం మా అక్క కొడుకు. వాడు ఒహాయోలో ఉంటాడు. స్నేహితులతో కలిసి కారులో కెంటకీ వెళ్లి, అక్కడి విస్కీ డిస్టిలరీలు చూసి రావాలని వాడి ఆలోచన. ప్లాను బాగానే వేశాడు. లూయీవిల్‌లో మొదలుపెట్టి దక్షిణంగా క్లెర్మాంట్, బార్డ్స్‌టౌన్, లొరెటో. మర్నాడు తూర్పు వైపు ఫ్రాంక్‌ఫర్ట్, వెర్సాయ్. ఈ చివరి ఊరి పేరు ఫ్రెంచి రాజుల భవనానిదే గానీ అక్కడివాళ్లు దాన్ని ‘వర్‌సేల్స్’ అనే పలుకుతారట. టిక్కెట్లు ముందే తీసుకోవాలి, రోజుకి రెండు మూడుకి మించి పెట్టుకోకూడదు, స్టీరింగు పట్టేవాడు ఆరోజు నోట చుక్క వేసుకోకూడదు, ఇవన్నీ వాడు రాసిపెట్టుకున్నాడు. తేలనిది ఒక్కటే. “మావయ్యా, అమ్మకి ఏటని చెప్పమంటావు?” అన్నాడు. సారా బట్టీలు చూడ్డానికి వెళ్తున్నామని అంటే ఫోన్లోంచే వీపు మోగుతుంది. మద్యం తయారీ కర్మాగారాల సందర్శన అంటే మంత్రిగారి పర్యటనలా ఉంటుంది. చివరికి అక్కడి విస్కీ పేరు పట్టుకుని బోర్బన్ ఫ్యాక్టరీలు అని చెప్పాడు. మా అక్క సంతోషించింది. ఆవిడకి తెలిసిన బోర్బన్ బిస్కెట్టు.

ఆవిడ పూర్తిగా పొరబడిందని కూడా అనలేం. ఆ బిస్కెట్టు 1910లో లండన్‌లో పుట్టింది, దాని పేరూ ఫ్రాన్సుని ఏలిన బోర్బన్ వంశానిదే. ఫ్రెంచి విప్లవం పాఠంలో మనమంతా చదువుకున్న పదహారో లూయీ ఆ వంశంవాడే. బ్రిటన్‌తో యుద్ధంలో తమకి సాయం చేసిన ఆ రాజవంశం మీది కృతజ్ఞతతో వర్జీనియావాళ్లు 1785లో ఒక కౌంటీకి బోర్బన్ అని పేరు పెట్టారు. ఇప్పుడది కెంటకీలో ఉంది, దాని ముఖ్యపట్టణం పేరు పారిస్. విస్కీకి ఆ పేరు ఆ కౌంటీ నుంచే వచ్చిందని కొందరు, కాదు, సరుకు పడవల్లో చేరిన న్యూఆర్లీన్స్‌లోని బోర్బన్ వీధి నుంచని ఇంకొందరు. ఎటు నుంచి వచ్చినా అదొక రాజవంశం పేరు. మన బట్టీ వంశం అలాంటిది కాదు.

సంస్కృతంలో భ్రాష్ట్రం అని ఒక మాట ఉంది. గింజలు వేయించే మంగలం. భర్జనం అన్నా వేయించడమే, రెండింటి వేరూ ఒకటే. ప్రాకృతంలో అది భట్ఠ అయింది, ఉత్తరాది భాషల్లో భట్ఠీ అయింది. మన నోటికొచ్చేసరికి ఒత్తులన్నీ రాలిపోయి బట్టీ మిగిలింది. వంటింటి పాత్రగా బయల్దేరిన మాట పొయ్యిగా, కొలిమిగా పెరిగింది. ఇటుకబట్టీ, సున్నపుబట్టీ, బొగ్గుబట్టీ, బెల్లంబట్టీ, సారాబట్టీ. (పిల్లలు పాఠం బట్టీ పట్టడాన్ని ఇందులోకి లాగను, దాని సంగతి వేరు.) ఏం తయారవుతుందన్నది ఈ మాటకి పట్టదు. మంట ఉంటే చాలు.

ఇదే పనిని వేరే భాషలు వేరే వైపు నుంచి చూశాయి. డిస్టిలరీలో ఉన్నది లాటిన్ చుక్క. స్టిల్లా అంటే బొట్టు, బొట్లుబొట్లుగా కిందికి రాలడం ఆ క్రియకి అర్థం. అరబ్బులకి మూకుడు అడుగున పట్టిన తేమ చెమటలా కనిపించింది. అరక్ అంటే చెమటే. పారశీకులు నీటిని చూశారు: ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని, కలిపితే అబ్కారీ. విస్కీ కూడా నీళ్ల మాటే, ఐర్లండు భాషలో ప్రాణజలం అన్న పదబంధంలో ముందరి ముక్క. ఒకరు చుక్కని, ఒకరు చెమటని, ఒకరు నీటిని చూస్తే మనం మంటని చూశాం. నాకు మన చూపే నచ్చుతుంది. చుక్క ఎవరి గ్లాసులో పడుతుందో గానీ, మంట దగ్గర కూర్చున్నవాడి ముఖం మాడుతుంది.

అబ్కారీ మన దగ్గరకొచ్చాక పని అనే అర్థం పోయి పన్నుగా మిగిలింది. సామర్లకోటలోని పాత కంపెనీ పేరులో మాత్రం అసలు అర్థం నిలిచింది: దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. ఒకే గేటు లోపల చక్కెరా, సారా. మిగతా చోట్ల అబ్కారీ అంటే పాటలు, లైసెన్సులు, దాడులు. 1980లలో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్పించింది. ఆ పథకానికి ఎవరు వెతికి పెట్టారో గానీ పేరు వారుణి వాహిని. పాలసముద్రం చిలికితే వచ్చిన మద్యదేవత వారుణి, వాహిని అంటే ఏరు, సైన్యం కూడా. ఇంత నిండైన సంస్కృతం ఇంత చేటు పనికి వాడిన సందర్భం నాకు ఇంకొకటి తోచదు. దానికి జవాబు సంస్కృతంలో రాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు చదివిన పాఠాన్ని పట్టుకుని సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, 1997లో సడలిపోయింది. సారా మీది నిషేధం మాత్రం ఉండిపోయింది. అప్పటి నుంచి సారాబట్టీ అనే మాట పత్రికల్లో ఒంటరిగా కనిపించదు, పక్కన ధ్వంసం ఉంటుంది.

ఆ వార్తల్లోనే ఇంకో మంచి తెలుగు మాట చిక్కుకుపోయింది: ఊట. బెల్లాన్ని నీళ్లలో కలిపి పులియబెట్టినది బెల్లపు ఊట. ఇన్ని వందల లీటర్ల ఊట పారబోశామని ఎక్సైజువాళ్లు చెబుతారు. ఊరడం ఎంత పెద్ద మాట! చెలమలో నీరు ఊరుతుంది, జాడీలో కాయ ఊరుతుంది, తలుచుకుంటే నోరు ఊరుతుంది. కెంటకీవాళ్లు తమ విస్కీ గొప్పంతా ఊటనీళ్లలో ఉందంటారు. అక్కడి నేల కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. దానిలోంచి ఊరిన నీటిలో ఇనుము ఉండదు, సున్నం చేరుతుంది. ఇనుముంటే సరుకు రంగూ రుచీ చెడతాయి, సున్నం పులియడానికి సాయపడుతుంది. మా బెల్లం పెనంలో చిటికెడు సున్నం వేసే మనిషికి ఈ మాట చెబితే వెంటనే తలాడిస్తాడు.

మనుస్మృతి పదకొండో అధ్యాయం సురని మూడు రకాలుగా చెబుతుంది: గౌడి, పైష్టి, మాధ్వి. గుడంతో చేసింది గౌడి, పిండితో చేసింది పైష్టి. ఆ లెక్కన బోర్బన్ అచ్చమైన పైష్టి. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పోయాలి, పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతం దాటకూడదు. 1964లో అమెరికా కాంగ్రెసు ఇది మా దేశపు ప్రత్యేక సరుకని తీర్మానం కూడా చేసింది. మా నల్లబెల్లంతో కాచేది గౌడి. దానికి తీర్మానాలు లేవు, కేసులున్నాయి. రంగు బాగా వచ్చిన బెల్లం గుడికి వెళ్తుంది. రంగు రానిది ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో అధికారులు ఆరా తీస్తారు. పాపం రైతు రెండింటినీ ఒకే పెనంలో వండాడు. తెల్లగా కనిపించాలని హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లానికి మొదటి రకం ధర పలికి, ఏమీ కలపని నల్లటి దిమ్మకి అనుమానం చుట్టుకోవడం నాకెప్పుడూ న్యాయంగా అనిపించలేదు.

కెంటకీలోనూ దొంగ బట్టీలుండేవి, అక్కడా 1920 నుంచి 1933 దాకా దేశమంతా నిషేధం నడిచింది. ఔషధం పేరుతో అమ్ముకోవడానికి అనుమతి దొరికిన కొద్ది కంపెనీలు బతికాయి, మిగతావాటి పొయ్యిలు ఆరిపోయాయి. 1999లో అక్కడి తయారీదారుల సంఘం డిస్టిలరీల్ని కలిపి ఒక యాత్రామార్గంగా ప్రచారం మొదలుపెట్టింది. ఇప్పుడు జనం పంచారామాలు తిరిగినట్టు తిరుగుతున్నారు. అలాంటిది సారాకి మన దగ్గర రావాలని నేను అనను, దూబగుంట తరవాత ఆ మాట అనే నోరు ఉండకూడదు. కానీ బెల్లం బట్టీకి ఏమైంది? అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బౌద్ధుల బొజ్జన్నకొండ చూసి, ఊళ్లో నూకాలమ్మ దర్శనం చేసుకుని, ఓ గంట పెనం పక్కన నిలబడి వేడి పాకం ఆకులో వేయించుకు తిని వెళ్లమని ఎవరు ఎవరికి చెబుతున్నారు? సారా పక్కన ఇన్నేళ్లు నిలబడి బట్టీ అనే మాటకే మరక అంటింది. అందుకే కాబోలు, చేసేవాళ్లే ఇప్పుడు యూనిట్ అంటున్నారు.

మా మేనల్లుడికి ఇంకో మాట కూడా కావలసి వచ్చింది. విస్కీని పీపాల్లో ఏళ్లతరబడి ఉంచడాన్ని తెలుగులో ఏమంటారని అడిగాడు. మనకి ఆ మాట లేదు, ఉండే అవసరమూ పడలేదు. మన కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోతుంది, మన సారా చల్లారకముందే అమ్ముడైపోతుంది. మామిడికాయని గడ్డిలో మాగబెడతాం కదా, ఆ మాట తీసుకోమన్నాను. పీపా అనే మాట మాత్రం మనకి పోర్చుగీసువాళ్లిచ్చింది, వాళ్లదీ పీపాయే.

అసలు విషయం అప్పుడే తట్టింది. కొత్త పీపాలోపల మంట పెట్టి, చెక్క పైపొర బొగ్గయ్యేదాకా కాలుస్తారు. నిమిషమైనా పట్టదు. మాగినన్నాళ్లూ విస్కీకి రంగూ, వాసనలో చాలా భాగమూ ఆ కాల్చిన చెక్క నుంచే దిగుతాయి. వేయించడం, మంగలం, భ్రాష్ట్రం. మాట పుట్టుకని పట్టుకుంటే కెంటకీలో బట్టీ అనదగ్గ చోటు డిస్టిలరీ కాదు, పీపాలు చేసే కార్ఖానా. లెబనాన్ అనే ఊళ్లో అలాంటిదొకటి ఉంది, చూడనిస్తారు కూడా. లొరెటో నుంచి దగ్గరే. మొదటి రోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్లమని వాడికి రాశాను. దాన్ని వాళ్లమ్మకి ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు. వడ్రంగం చూసొస్తున్నామంటే ఎవరు కాదంటారు?