చదువుకో గది

బత్తలపల్లిలో ఇల్లు కట్టుకుంటున్న మా చెల్లెలు మొన్న అడిగింది: "అక్కా, పిల్లల చదువుకి పడగ్గదిలోనే బల్ల వేయనా, వేరే గది కట్టించనా?"

నాకు నవ్వొచ్చింది. మా సీమ మట్టిమిద్దెల్లో పడగ్గదే వేరుగా ఉండేది కాదాయె! పడసాలలో చాప పరిస్తే పడక, చుట్టేస్తే చదువు. పగలు గవాక్షి వెలుగు, రాత్రి గూట్లో దీపం. చాలా ఇళ్ళలో ఆ దీపం దగ్గర మగపిల్లలే. ఆడపిల్ల పొయ్యి ముందు!

1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడికెళ్ళి చదవలేదు. కాపురానికెళ్ళాక, తన దగ్గరుండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయంతో చదువు నేర్చారు. 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. ఎందరో స్త్రీల చరిత్రలు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా గుచ్చారు. రాసుకునే ఆడదానికి సొంత గదీ, కాస్త డబ్బూ కావాలని ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ పుస్తకం రాసింది ఆ తర్వాతెప్పుడో, 1929లో.

చెల్లెలికి ఇలా చెప్పాను: "పడగ్గదిలో మంచం రారమ్మంటుంది. వీలైతే వేరే గదే కట్టించు. కానీ అది అబ్బాయికిచ్చేసి, అమ్మాయిని మంచమ్మీద చదువుకోమనకు. చదివే వేళ 'అమ్మాయ్, ఇటు రా' అని వంటింట్లోంచి కేకెయ్యకు."

గడియ తలుపుకి కాదు, ముందు మన నోటికి వేసుకోవాలి. ఏమంటారు?