విశాలకోణ కటకము: వెల, విలువ

చిన్న గదిలో పెండ్లివారినందరినీ నిలబెట్టి ఫోటో తీయవలసి వచ్చినప్పుడు ఫోటోగ్రాఫరు ఒక్కొక్క అడుగే వెనుకకు వేయును. చివరకు వీపు గోడకు తగులును. అప్పటికిని ఇరుప్రక్కల నిలిచినవారు చిత్రములో పట్టరు. ఇక మిగిలిన మార్గము ఒక్కటే: మరింత వెడల్పుగా చూడగల కటకమును కెమేరాకు అమర్చుట. దీనినే విశాలకోణ కటకము అందురు. కాని దాని వెల వినగానే కొనవచ్చినవాడు ఆలోచనలో పడును. నాభ్యంతరము మార్చుటకు వీలులేని ఒకే ఒక కటకము వెల కొన్నిసార్లు కెమేరా వెలనే మించిపోవును. ఇంత ధనము దేనికి? ఆ వెలకు తగిన విలువ అందులో ఉన్నదా? ఇందుకు సమాధానము ఆ కటకముల చరిత్రలోనే దొరకును.

వెలుగా, వెడల్పా?

1839లో డాగ్యుర్ కనుగొన్న ఛాయాచిత్ర పద్ధతి లోకమునకు వెల్లడి అయినది. ఆనాటి కెమేరా కటకములు చాల తక్కువ వెలుతురును లోనికి పంపెడివి. ముఖచిత్రము తీయించుకొనువాడు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి వచ్చెడిది. 1840లో వియన్నాలోని గణితాచార్యుడు జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు కట్టి, అంతకుముందున్న వానికంటె ఎన్నో రెట్లు వెలుతురునిచ్చు కటకమును రూపొందించినాడు. ఫోయిక్ట్‌లెండర్ సంస్థ దానిని తయారుచేసినది. నిమిషముల పని సెకండ్లలోనికి దిగినది. అయితే ఆ కటకములో చిత్రము నడుమ మాత్రమే స్పష్టముగా ఉండును, అంచులు అలికినట్లుండును. ముఖము నడుమనే ఉండును గనుక ముఖచిత్రములు తీయువారికి ఇది లోపముగా తోచలేదు. భవనములను, కొండలను తీయువారికి మాత్రము అది పనికి రాలేదు.

వారి కోసము ఇంగ్లండులో థామస్ సట్టన్ 1859లో ఒక వింత కటకమును చేసినాడు. మందమైన గాజు డొప్పల నడుమ నీరు నింపిన గోళమది. బంతిని ఏ ప్రక్కనుండి చూచినను ఒకే తీరుగా ఉండును. అందువలన ప్రక్కనుండి వచ్చు కిరణములు సైతము నడుమ కిరణముల వలెనే వంగును. ఈ ఉపాయముతో ఆయన సుమారు 120 డిగ్రీల దృశ్యమును పట్టగలిగినాడు. కాని ప్రతిబింబము చదునైన తలముపై గాక వంపు తలముపై పడెడిది. గాజు పలకలను కూడ వంచి, ఆ వంపుపైననే రసాయనమును పూయవలసి వచ్చినది. వెడల్పు దొరికినది గాని, పని కష్టమైనది.

అంచులలో చీకటి

వెడల్పుతో పాటు మరొక చిక్కు వచ్చును. సాధారణ కటకములో కిరణము ఎంత ఏటవాలుగా వచ్చిన అంత ఎక్కువ దూరము నడిచి ఫిలిమును చేరును. ప్రక్కనుండి చూచినప్పుడు గుండ్రని కటక ద్వారము సన్నని కోడిగ్రుడ్డు ఆకారములో కనబడును. చేరిన వెలుతురు ఫిలిముపై వాలుగా పరచుకొనును. ఈ మూడింటి ఫలితముగా వెలుతురు కోణముయొక్క కొసైను విలువ నాల్గవ ఘాతమును అనుసరించి తగ్గును. 60 డిగ్రీల కటకములో అంచుకు చేరు వెలుతురు నడిమి వెలుతురులో 16లో 9 వంతులు. 90 డిగ్రీల కటకములో నాలుగవ వంతు. 120 డిగ్రీల కటకములో 16వ వంతు మాత్రమే.

1900లో జర్మనీకి చెందిన గోయెర్జ్ సంస్థ కొరకు ఎమిల్ ఫాన్ హోయెగ్ రూపొందించిన హైపర్గాన్ ఈ చిక్కును ముఖాముఖి ఎదుర్కొన్నది. అందులో ఉన్నవి రెండే గాజు బిళ్ళలు, రెండును లోతైన గిన్నెల వంటివి. దృశ్యకోణము 140 డిగ్రీల వరకు ఉండెడిది. పై లెక్క ప్రకారము అంచుకు చేరునది నడిమి వెలుతురులో సుమారు 70వ వంతు. అందువలన కటకము ముందు నక్షత్రము ఆకారముగల చిన్న చక్రమును అమర్చినారు. రబ్బరు బుడ్డిని నొక్కగా వచ్చు గాలికి ఆ చక్రము గిరగిర తిరుగుచు నడిమి వెలుతురును అడ్డగించెడిది. అంచులు తగినంత వెలుతురును త్రాగిన పిమ్మట చక్రమును ప్రక్కకు తప్పించెడివారు. కదలని భవనములకు ఈ ఉపాయము చాలినది. కదులునట్టి దేనికిని చాలలేదు.

ఆకాశమునుండి కొలత

విశాలకోణ కటకమునకు ఎంత వెలయైనను ఇచ్చుటకు సిద్ధపడినవారు భూపటములు తయారుచేయు సర్వే శాఖలవారు. వారి లెక్క స్పష్టమైనది. ఒకే ఎత్తున ఎగురు విమానమునుండి 60 డిగ్రీల కటకముకంటె 90 డిగ్రీల కటకము మూడు రెట్లు నేలను పట్టును. 120 డిగ్రీల కటకము దానికి మరల మూడు రెట్లు. టాంజెంటు పట్టిక తెలిసిన విద్యార్థి ఈ లెక్కను స్వయముగా సరిచూచుకొనవచ్చును. చిత్రములు తగ్గినకొలది విమానము ఎగురు గంటలు తగ్గును. నేలపై గుర్తులు కొలుచుటకు ఎండలో నడువవలసిన దూరము కూడ తగ్గును. ఆ ఆదా ముందు కటకము వెల చిన్నదే.

సోవియట్ యూనియనులో మిఖాయిల్ రుసినోవ్ ఇరువైపుల పెద్ద పుటాకార కటకములను పెట్టిన రూపమునకు 1946లో పేటెంటు పొందినాడు. ఈ అమరికలో ప్రక్కనుండి చూచినప్పుడు ద్వారము అంతగా సన్నబడదు. అంచుల చీకటి తగ్గును. తరువాత లుడ్విగ్ బెర్టెలె స్విట్జర్లాండులోని వైల్డ్ సంస్థ కొరకు 90 డిగ్రీల ఏవియోగాన్‌ను రూపొందించినాడు. ఆయన రూపొందించిన బయోగాన్ 1954లో కాంటాక్స్ కెమేరాకు 21 మి.మీ. కటకముగా వచ్చినది. ఆకాశములో పుట్టిన విద్య ఆ విధముగా సామాన్య ఫోటోగ్రాఫరు చేతికి అందినది.

ఇక్కడ ఒక ముఖ్య విషయము కలదు. సర్వే శాఖలవారు సైతము అన్నిచోట్ల అతి వెడల్పు కటకమును వాడలేదు. కొండలున్నచోట, ఎత్తైన మేడలున్నచోట, అంచుల వద్ద ఒక వస్తువు వెనుక మరొకటి దాగిపోవును. అట్టిచోట్ల తక్కువ కోణముగల కటకమే మేలు. చదునైన నేలకు 120 డిగ్రీలు, నగరమునకు 60 డిగ్రీలు: పనిని బట్టియే కటకము.

అద్దము తెచ్చిన అడ్డు

కటకముగుండా వచ్చు దృశ్యమునే అద్దములో చూపు కెమేరాలు వ్యాప్తి చెందిన పిమ్మట క్రొత్త చిక్కు వచ్చినది. అద్దము పైకి లేచుటకు కటకము వెనుక సుమారు 40 మి.మీ. చోటు కావలెను. 20 మి.మీ. నాభ్యంతరముగల మామూలు కటకము ఫిలిముకు అంత దూరములో నిలువజాలదు. 1950లో ఫ్రాన్సు దేశస్థుడు పియేర్ ఆంజెన్యూ నిశ్చల ఛాయాచిత్రముల కెమేరాకు రెట్రోఫోకస్ కటకమును తెచ్చినాడు. అందులో ముందు పెద్ద పుటాకార భాగము, వెనుక కుంభాకార భాగము ఉండును. చోటు దొరికినది గాని, రెండు ప్రక్కల పొంకము పోవుటచే వచ్చిన లోపములను దిద్దుటకు బిళ్ళల సంఖ్య పెరిగినది.

1970ల నడుమ జపానులోని నికాన్ సంస్థ చేసిన 13 మి.మీ. కటకము ఇందుకు నిదర్శనము. 118 డిగ్రీల కోణములో సరళరేఖను సరళరేఖగా చూపుటకు 12 వర్గములుగా 16 బిళ్ళలు పట్టినవి. ఆర్డరు వచ్చిన పిమ్మటనే దానిని తయారుచేసెడివారు. పూత లేని ప్రతి గాజు ముఖము సుమారు నూటికి 4 వంతుల వెలుతురును వెనుకకు త్రిప్పును. 12 వర్గములకు 24 ముఖములు. పూత లేనిచో చివరకు మిగులునది నూటికి 37 వంతులే. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనుగొన్న పలుచని పూత, దానిపై తరువాత వచ్చిన పొరల పూతలు లేకున్న ఇట్టి కటకములు సాధ్యమయ్యెడివి కావు. కొనువాడు చెల్లించు వెలలో ఈ బిళ్ళలు, పూతలు, కొలత తప్పని కూర్పు అన్నియు ఇమిడియున్నవి.

కొనువాని లెక్క

ఇప్పుడు 24×36 మి.మీ. కెమేరాతో 6 మీటర్ల గోడను తీయవలెననుకొనుడు. 50 మి.మీ. కటకముతో 8 మీటర్ల 33 సెం.మీ. వెనుకకు జరుగవలెను. 24 మి.మీ.తో 4 మీటర్లు చాలును. 20 మి.మీ.తో 3 మీటర్ల 33 సెం.మీ. అనగా 24 నుండి 20కి దిగినందువలన కలిసివచ్చునది 67 సెం.మీ. ఆ 67 సెం.మీ. చోటు లేని గదులలోనే నిత్యము పనిచేయువానికి అది తప్పనిసరి. ఆరుబయట తీయువానికి రెండడుగులు వెనుకకు వేసిన చాలును.

ద్వారము విషయము కూడ ఇట్టిదే. ఎఫ్/2.8 కటకముకంటె ఎఫ్/1.4 కటకము నాలుగు రెట్లు వెలుతురును ఇచ్చును. వెల కూడ బాగుగా పెరుగును. కదలని కట్టడమును ముక్కాలిపీటపై కెమేరా పెట్టి తీయువానికి దానితో పని లేదు. నక్షత్రములను తీయువాని సంగతి వేరు. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగును. ఎఫ్/2.8 వద్ద 80 సెకండ్లు తెరచి ఉంచినచో 24 మి.మీ. కటకములో చుక్క 0.14 మి.మీ. గీతగా సాగును. ఎఫ్/1.4 వద్ద 20 సెకండ్లే చాలును గనుక ఆ గీత నాలుగవ వంతుకు తగ్గి, చుక్క చుక్కగానే కనబడును.

అద్దము లేని కెమేరాలు 2008 నుండి వచ్చినవి. వంగిన రేఖలను, అంచుల చీకటిని నేడు గణకయంత్రము కొంతవరకు దిద్దుచున్నది. కాని చీకటిని వెలుగుగా పెంచునప్పుడు చిత్రములోని గరుకుదనము కూడ పెరుగును.

ఏ వెలయైనను తీర్చజాలని లోపము ఒకటి కలదు. సరళరేఖలను సరళముగా చూపు కటకములో అంచున ఉన్న గుండ్రని వస్తువు ప్రక్కకు సాగును. 24 మి.మీ. కటకములో ఎడమ, కుడి అంచులలోని తలలు నాలుగవ వంతు వెడల్పుగా కనబడును. ఇది కటకము దోషము కాదు, రేఖాగణిత ధర్మము. కనుక ఇరుకు గదిలోని పెండ్లివారికి మేలైన ఉపాయము ఖరీదైన కటకము కాదు. అందరినీ ముంగిటిలోనికి పిలుచుట. పెండ్లివారు కదలగలరు. గర్భాలయపు గోడ కదలదు, ఆకాశము ఆగదు. అచ్చటనే ఆ కటకము వెలకు తగిన విలువ కలదు.