కృష్ణా డెల్టాపై సముద్రపు దండయాత్ర

విజయవాడవద్ద 1855లో పూర్తి అయిన ఆనకట్ట కృష్ణా నీటిని కాలువలకు మళ్ళించి డెల్టాను సస్యశ్యామలం చేసినది. అయితే డెల్టాకు నీటి ముప్పు నదివలననే గాక సముద్రంవలన కూడ ఉన్నది. తుపానుతో వచ్చే ఆ ముప్పే ఉప్పెన.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తినది. మామూలు పోటుకంటె సుమారు 13 అడుగుల ఎత్తున సముద్రం పట్టణంలో ప్రవేశించినది. మృతులు సుమారు 30,000 అని అంచనా. అంతకు ముందు అక్టోబరు 5న కలకత్తా కూడ తుపానుపాలైనది. ఈ విపత్తులు, తరువాతి కరవులు 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీసినవి.

తుపాను ఎట్లు పుట్టును? వెచ్చని సముద్రంమీది తేమగాలి పైకి లేచును. ఆవిరి మేఘంగా మారునప్పుడు వెలువడు గుప్తోష్ణం గాలిని ఇంకను పైకి నెట్టును. క్రింద పీడనం తగ్గును. ఆ లోటును పూడ్చుటకు చుట్టుపట్ల గాలులు పరుగెత్తును. భూభ్రమణంవలన అవి తిన్నగా రాక కుడివైపుకు ఒరిగి, మన అర్ధగోళంలో కేంద్రం చుట్టూ గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగును. పాముచుట్టను తలపించే ఈ సుడికి 'సైక్లోన్' అని పేరు పెట్టినవాడు కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. కొన్ని ఉరుముల గాలివానలలోను సుడి ఉండును గాని దాని వెడల్పు కొద్ది మైళ్ళే. తుపాను వందల మైళ్ళు వ్యాపించును.

1977 నవంబరు 19న తుపాను కేంద్రం దివిసీమకు పడమటగా తీరం దాటినది. అయినను ఎక్కువ నష్టం దివిసీమకే కలిగినది. ఏల? తుపాను సాగు దారికి కుడిప్రక్క గాలి సముద్రంనుండి నేలమీదికి వీచును. ఎడమప్రక్క నేలనుండి సముద్రంమీదికి వీచును. దివిసీమ కుడిప్రక్కన ఉన్నది. తీరంవద్ద సముద్రపు లోతు తక్కువ గనుక నెట్టబడిన నీరు పోగుపడి సుమారు 5 మీటర్లు లేచినది. దాదాపు 10,000 మంది మరణించారు.

1990 మే 9న అంతటి తీవ్ర తుపానే కృష్ణా ముఖద్వారం దాపున తీరం దాటినది. ఈసారి మృతులు సుమారు 1,000 మంది. ముందుగా హెచ్చరిక అందుట, లక్షకు పైగా ప్రజలను ఖాళీ చేయించుట ఇందుకు ముఖ్య కారణాలు.

తుపానుగాలికి వీపు చూపి నిలిచినవానికి కేంద్రం సుమారుగా ఎడమచేతి వైపున ఉండును. కేంద్రం తలమీదికి వచ్చినప్పుడు గాలి కొంతసేపు ఆగిపోవును. తుపాను పోయినదని అప్పుడు బయటకు రారాదు. గాలి ఎదురుదిక్కునుండి తిరిగి అదే జోరుతో వీచును.